గేజి తప్పా, ఏరు తప్పా?

కంప్యూటరు లోపల కూడా ఒక లస్కరు ఉంటాడురా అంటే మా మనవడు నమ్మలేదు. ముందు లస్కరంటే ఎవరని అడిగాడు. అడగడం వాడి తప్పు కాదులెండి. ఇప్పటి పిల్లలకు కాలవ అంటే బండి మీద పోతూ ఓ చూపు చూసేది, అంతే. అందుకని ముందు లస్కరు సంగతి చెప్పి, ఆ తర్వాత కంప్యూటరులోకి పోదాం. తొందరేం లేదు, దగ్గరికి జరిగి కూర్చోండి.

కె.సి. కాలవ తెలుసు గదా, కర్నూలు-కడప కాలవ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు మళ్ళించుకొని కడప దాకా వస్తుంది. మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు నడక. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ఒక తెల్లదొరల కంపెనీ తవ్వకం మొదలుపెట్టింది. కర్నూలు ఊళ్ళో హంద్రీ అడ్డమొస్తే దాని మీద కట్టడం కట్టి కాలవనే దాటించారు. కింద ఏరు, పైన కాలవ! మొదటిసారి చూసినప్పుడు నేను నోరు తెరుచుకొని నిలబడిపోయాను. ఆ కాలంలో దీంట్లో పడవలు కూడా తిరిగాయట. కంపెనీకి మాత్రం పెట్టిన డబ్బులు రాలేదు, 1882లో సర్కారే తీసేసుకుంది.

ఇంత పొడుగు కాలవలో ఎక్కడ ఎన్ని నీళ్ళు పోతున్నాయో కనిపెట్టే మనిషే లస్కరు. తూముల దగ్గర గోడకు ఒక గేజి బిగించి ఉంటుంది. అడుగులు, అడుగులో పదో వంతులు గీసిన పలక. లస్కరు పొద్దున్నే గట్టెంబడి నడిచిపోయి, నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి పుస్తకంలో రాసుకొని ఆఫీసుకు చెప్తాడు. మా పెద్దమామ ఆ పనే చేసేవాడు. సెలవుల్లో ఆయన వెంట తిరిగేటప్పుడు నాకొక అనుమానం పట్టుకుంది. గేజి చూపించేది అడుగులు. ఆఫీసుకు చెప్పేది క్యూసెక్కులు. మధ్యలో ఏం మాయ జరిగింది? అడిగితే ఆయన సంచిలోనుంచి ఒక అట్ట తీసి చూపించినాడు. ఇన్ని అడుగులుంటే ఇన్ని క్యూసెక్కులని వరసగా రాసిన పట్టిక. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్ళు, మన లీటర్లలో ఇరవై ఎనిమిదికి కొంచెం ఎక్కువ. పలక మీద గీత ఎంత ముఖ్యమో ఆ అట్ట కూడా అంత ముఖ్యం. అట్ట పోతే గీతలు ఎన్నున్నా ఏం చెప్పలేం.

మామ ఇంకో మాట కూడా అనేవాడు. "నీళ్ళు తగ్గినాయని రైతులు గోల పెడితే ముందు ఏటికాడికి ఉరకొద్దురా అబ్బీ. గేజికాడ ఒండు మేట ఏసిందేమో సూడు. పలక ఒరిగిందేమో సూడు. అదంతా బాగుంటే అప్పుడు పో ఏటికాడికి." ఒండు మేట వేస్తే నీటిమట్టం అంతే కనిపిస్తుంది, కింద పోయే నీళ్ళు మాత్రం తక్కువ. గేజి అబద్ధం చెప్పదు, కానీ నిజం కూడా చెప్పదు.

ఇప్పుడు కంప్యూటరు దగ్గరికి రండి.

విండోస్ కంప్యూటరు ఏదైనా సరే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు బటన్లు ఒకేసారి నొక్కండి. టాస్క్ మేనేజర్ అని ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో సిపియు ఇంత శాతం, మెమరీ ఇంత శాతం, డిస్క్ ఇంత శాతం అని అంకెలు కదులుతుంటాయి. అవే మన గేజి గీతలు. దీన్ని రాసింది డేవ్ ప్లమ్మర్ అని ఒక కెనడా ఆయన. మైక్రోసాఫ్ట్‌లో ఉద్యోగం చేస్తూ, ఇంట్లో తీరిక వేళల్లో సొంతానికి రాసుకున్నాడు. కంపెనీవాళ్ళకు నచ్చి 1996లో వచ్చిన విండోస్ ఎన్.టి. 4.0లో పెట్టేశారు. అప్పట్లో ఆ ప్రోగ్రాం మొత్తం వంద కిలోబైట్లు కూడా లేదు. ఇప్పుడు మీ సెల్లులో దిగే ఒక్క ఫొటో అంతకు ఇరవై ముప్పై రెట్లుంటుంది. కంపెనీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, 2014 నుంచి దాన్ని నడిపిస్తున్న సత్య నాదెళ్ల వాళ్ళ నాన్న యుగంధర్ గారిది మన పక్క అనంతపురం జిల్లా బుక్కాపురం. కలెక్టరు ఉద్యోగాలు చేసిన ఐఏఎస్ ఆయన. ఆ ఎండిన మిట్టలకీ, అమెరికాలో ఉన్న ఆ ఆఫీసుకీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని ఎవరనుకుంటారు?

టాస్క్ మేనేజర్‌కు ఒక అన్న ఉన్నాడు. పేరు పెర్ఫార్మెన్స్ మానిటర్. అందరూ పెర్ఫ్‌మాన్ అంటారు. 1993లో ఎన్.టి. మొదటిసారి వచ్చినప్పుడే ఇదీ వచ్చింది. విండోస్ బటను, ఆర్ బటను కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది, దాంట్లో పెర్ఫ్‌మాన్ అని ఇంగ్లీషులో కొట్టండి. తమ్ముడు నాలుగైదు అంకెలు చూపిస్తే ఈయన వేలల్లో చూపిస్తాడు. ఒక్కో కొలతను కౌంటరు అంటారు. పనిలో పనిగా ఒక రహస్యం చెప్తా వినండి. లోపల ఉండే కౌంటర్లు చాలావాటికి శాతాలు తెలియవు. అవి ఊరికే లెక్కపెట్టుకుంటూ పోతాయి, పెరగడమే గానీ తగ్గడం ఎరగవు. పెర్ఫ్‌మాన్ ఇప్పుడొకసారి ఆ లెక్క చదువుతుంది, సెకను ఆగి మళ్ళీ చదువుతుంది, రెండోదాంట్లోనుంచి మొదటిది తీసేస్తుంది. ఆ సెకనులో జరిగిన పని ఎంతో తేలిపోయింది గదా! రెండో తరగతి తీసివేత. అందుకే కొత్త కౌంటరు పెట్టీ పెట్టగానే దాని అంకె కనిపించదు. చెడిపోయిందని హైరానా పడొద్దు, రెండో చదువు కోసం కాచుకొని ఉంది, అంతే.

ప్రాసెసరు ఎంత పని చేసిందో కొలిచే తీరు ఇంకా తమాషాగా ఉంటుంది. పని చేసిన సమయాన్ని కాకుండా, పని లేకుండా కూర్చున్న సమయాన్ని కొలుస్తారు. నూటిలో నుంచి దాన్ని తీసేస్తే మిగిలింది పని. ఆ ఖాళీ సమయానికి కూడా ఒక పేరు పెట్టి వరసలో చూపిస్తారు, సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అని. దాని ఎదురుగా 97 అని ఉంటే కొత్తగా చూసినవాళ్ళు బిత్తరపోతారు. అమ్మో, ఈ ముదనష్టపుదేదో కంప్యూటరునంతా తినేస్తోందని దాన్ని ఆపబోతారు. అది ఆగదు. ఆగడానికి అదేమన్నా పనా? ప్రాసెసరు నూటికి 97 వంతులు ఊరకే ఉందని చెప్పే చీటీ అది. ఆ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది.

సరే, ఇంత చెప్పింది ఎందుకంటే మా మేనల్లుడి అంగడి కథ చెప్పాలి మీకు.

వాడికి బేతంచెర్లలో జిరాక్సు, నెట్ సెంటరు ఉంది. బేతంచెర్ల అంటే నాపరాళ్ళు, పాలిష్ ఫ్యాక్టరీలు. రోడ్డు పక్క వేపచెట్ల ఆకులు కూడా పచ్చగా ఉండవు, తెల్లగా పొడి పట్టి ఉంటాయి. వాడి దగ్గర ఒక పాత ల్యాప్‌టాప్. రైతులు వన్-బి, అడంగల్ కాగితాలకొస్తారు, పిల్లలు హాల్ టికెట్లకు, రిజల్ట్సుకు వస్తారు. ఎండాకాలం రాగానే, అంటే సరిగ్గా రిజల్ట్సు వచ్చే టైముకు, అది మొరాయించడం మొదలుపెట్టింది. ఒక పేజీ తెరుచుకునేలోపు బయట నిలబడ్డ అబ్బోడు టీ తాగి వచ్చేవాడు.

"మామా, వైరస్సు అంటాండారు. ఫార్మాటు కొట్టిస్తే సరిపోతాదంట. లేదంటే ర్యాము మార్సల్లంట," అన్నాడు నాతో.

మా మనవరాలు అప్పుడు సెలవుల్లో ఉంది. ఇంజనీరింగు చదువుతుంది. మన పల్లె పిల్లల చేతుల్లోకి ల్యాప్‌టాపులు ఎప్పుడొచ్చాయంటే, 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ పెట్టి, పదో తరగతి పాసై వచ్చిన పిల్లలకు తలా ఒకటి ఇచ్చినప్పటినుంచి అని నేననుకుంటా. అంతకుముందు కంప్యూటరంటే గాజు తలుపుల గదిలో, చెప్పులు బయట విడిచి చూసే వస్తువు. సరే, ఆ పిల్ల మామ అంగట్లో కూర్చొని టాస్క్ మేనేజర్ తెరిచింది. సిపియు 33 శాతం. మెమరీ సగం. డిస్కు ఖాళీ.

"సూస్తివా, మూడో వంతు గూడా పని లేదు దానికి. అయినా కదలదు. వైరస్సే ఇది," అన్నాడు మా వాడు.

"ఉండు మామా. ఇంకో గేజి చూద్దాం," అనింది.

గేజి అనే మాట దానికి ఎక్కడినుంచి వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. పెర్ఫ్‌మాన్ తెరిచింది. తెరిస్తే ఏముంది, కౌంటర్ల పేర్లు ఉండాల్సిన చోట పేర్లే లేవు! 238, 6, 10 అని ఉత్త అంకెలు. కొన్ని చోట్ల అదీ లేదు. కౌంటర్లను కలపడం కుదరదని ఒక ఎర్రరు.

అదీ ఆరోజు మొదటి చిక్కు. జబ్బు చూద్దామని పోతే థర్మామీటరే పని చేయలేదు. ఎందుకట్లా అయిందో ఆ పిల్ల నాకు చెప్పింది, నేను మీకు చెప్తా. లోపల కౌంటర్లు లెక్కపెట్టడం ఆపలేదు, వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి. ఏ నెంబరు కౌంటరుకు ఏ పేరు అని రాసి పెట్టిన పట్టిక ఒకటి విండోస్‌లో ఉంటుంది. అది చెడిపోయింది. మా పెద్దమామ సంచిలో అట్ట చెద పట్టిందన్నమాట. మా వాడు అంతకుముందు ఎవరో చెప్పారని, కంప్యూటరు స్పీడు పెంచుతుందని చెప్పుకునే ఉచిత సాఫ్టువేరు ఒకటి ఎక్కించాడు. చెత్త ఊడుస్తామని వచ్చే అట్లాంటివి ఒక్కోసారి పనికొచ్చే కాగితాలు కూడా ఊడ్చేస్తాయి. మరి టాస్క్ మేనేజర్ ఎట్లా పని చేసింది? అది ఆ పట్టిక చూడదు, విండోస్ గుండెకాయను నేరుగా అడిగి తెలుసుకుంటుంది. రెండు గేజీలకు రెండు దారులు. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పట్టిక బాగు చేయడం చాలా తేలిక. విండోస్ దానికొక నకలు దాచిపెట్టుకునే ఉంటుంది. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీని అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరవాలి. హోదా లేకుండా తెరిస్తే అది మన మాట వినదు, చాలామంది అక్కడే దెబ్బ తింటారు. తెరిచాక ఎల్, ఓ, డి, సి, టి, ఆర్ అని ఆరు అక్షరాలు కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, పక్కన ఆర్ కొట్టి ఎంటర్ నొక్కాలి. దాచిన నకలు చూసి పట్టిక మళ్ళీ రాయమని దాని అర్థం. మా మనవరాలు కొట్టగానే ఎర్రరు 2 అని వచ్చింది. మా వాడి మొగం మాడింది. ఆ పిల్ల మాత్రం కొంచెం కూడా కంగారు పడకుండా, విండోస్ ఫోల్డరులో సిస్టమ్ 32, సిస్‌వావ్ 64 అని రెండు ఫోల్డర్లు ఉంటాయి, ఒకటి కాకపోతే రెండోదాంట్లోకి పోయి అదే కమాండు కొట్టాలని చెప్పి కొట్టింది. పని జరిగింది. రెండు చోట్లా కొట్టడమే మంచిదట. ఆ తర్వాత మిషన్‌ను ఒకసారి ఆపి మళ్ళీ పెడితే పేర్లన్నీ ఎక్కడివక్కడ వచ్చి కూర్చున్నాయి.

ఇప్పుడు అసలు తమాషా. పెర్ఫ్‌మాన్‌లో ప్రాసెసర్ టైమ్ అనే కౌంటరు పెట్టింది. గీత అమాంతం పైకి పోయి కప్పుకు అంటుకుంది. నూటికి నూరు! పక్కనే టాస్క్ మేనేజర్‌లో చూస్తే అదే 33.

"ఏందిది? ఒకే మిషన్, రెండు లెక్కలు. ఏది నమ్మల్ల?" అని మా వాడు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. కాలవ గట్టు మీద ఇద్దరు లస్కర్లు ఉన్నారనుకోండి. కాలవ ఈరోజు ఎంతసేపు పారింది అని ఒకడు రాసుకుంటాడు. నిండు కాలవతో పోలిస్తే ఎన్ని నీళ్ళు పారినాయి అని రెండోవాడు రాసుకుంటాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగకుండా పారింది, కానీ మూడో వంతు నీళ్ళే. మొదటివాడి పుస్తకంలో నూరు, రెండోవాడి పుస్తకంలో 33. ఇద్దరూ నిజాయితీపరులే. ప్రాసెసర్ టైమ్ అనేది మొదటివాడి లెక్క. ప్రాసెసరు ఎంతసేపు ఖాళీ లేకుండా ఉందో చెప్తుంది. టాస్క్ మేనేజర్ విండోస్ 8 నుంచి రెండోవాడి లెక్క చూపించడం మొదలుపెట్టింది. ప్రాసెసర్ యుటిలిటీ అంటారు దాన్ని. ప్రాసెసరు తన మామూలు వేగంతో చేయగల పనిలో ఎంత చేసిందో చెప్తుంది. ప్రాసెసరు ఒక్కోసారి ఊపు మీద మామూలు వేగాన్ని దాటి పరిగెత్తుతుంది. అప్పుడు ఈ లెక్క నూరు కూడా దాటుతుంది, కానీ చూసేవాళ్ళు ఖంగు తింటారని టాస్క్ మేనేజర్ నూరు దగ్గరే ఆపేసి చూపిస్తుంది. ఈ తేడాతో లోకమంతా తికమక పడింది. 2025లో విండోస్ 11 టాస్క్ మేనేజర్‌ను మళ్ళీ మొదటివాడి లెక్కకు మార్చి, రెండోవాడి లెక్కను కావాలనుకున్నవాళ్ళకు వేరే వరసలో ఇచ్చారు. నన్నడిగితే మార్చింది మంచిదే. కానీ ఆ రెండు లెక్కలూ పక్కపక్కన తేడాగా కనబడబట్టే మా వాడి రోగం దొరికింది.

తేడా ఏం చెప్తోంది? ప్రాసెసరు క్షణం తీరిక లేకుండా కష్టపడుతోంది, కానీ మూడో వంతు వేగంతో. మా మనవరాలు టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి పోయి స్పీడ్ అనే మాట కింద చూపించింది. 0.79 గిగాహెర్ట్జ్. ఆ ల్యాప్‌టాప్ మామూలు వేగం 2.4. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు వంద కోట్ల అడుగులు. సెకనుకు 240 కోట్ల అడుగులు వేయాల్సినది 79 కోట్లే వేస్తోంది. ఎవరో కాళ్ళు పట్టుకొని లాగుతున్నారు.

"ఎవురు పాపా?" అన్నాడు మా వాడు.

ఆ పిల్ల పెర్ఫ్‌మాన్‌లో థర్మల్ జోన్ ఇన్ఫర్మేషన్ అనే కట్ట విప్పి, టెంపరేచర్ కౌంటరు పెట్టింది. అంకె చూసి మా వాడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. 368! మూడు వందల అరవై ఎనిమిది డిగ్రీలైతే అంగడే తగలబడిపోవాలి గదా. భయపడొద్దు, అది కెల్విన్ లెక్క. ఇంతకంటే చల్లదనం లోకంలో సాధ్యం కాదు అనే చోట సున్నా పెట్టుకొని మొదలయ్యే కొలత అది. మన సెల్సియస్ సున్నా, అంటే మంచు కరిగే చోటు, దాంట్లో 273 దగ్గర ఉంటుంది. 368లోంచి 273 తీసేయండి. ఎంత? 95. మళ్ళీ రెండో తరగతి తీసివేతే. తొంభై ఐదు కూడా తక్కువేం కాదు, ఇంకో ఐదు డిగ్రీలైతే నీళ్ళు తెర్లుతాయి.

ప్రాసెసర్లు చాలావరకు వంద డిగ్రీల దరిదాపుల దాకా తట్టుకుంటాయి. అక్కడికి వస్తున్నామని తెలియగానే తమంతట తాము అడుగులు తగ్గించుకుంటాయి. అడుగులు తగ్గితే వేడి తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే మిషన్ టప్పున ఆగిపోతుంది. ప్రాణం కాపాడుకునే తెలివి అది. కానీ బయట క్యూలో నిలబడ్డవాళ్ళకు ఆ తెలివి మొండితనంగానే కనబడుతుంది మరి.

మన సీమ ఎండ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చాలా ల్యాప్‌టాపుల వెంట వచ్చే చిన్న పుస్తకంలో, చుట్టూ గాలి 35 డిగ్రీల లోపు ఉన్న చోట వాడుకోండి అని రాసి ఉంటుంది. ఎవరూ చదవరనుకోండి. కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏప్రిల్ వచ్చిందంటే నలభై దాటుతుంది, కొన్నేళ్ళు 45 కూడా దాటుతుంది. ఫ్యాను చేసేదల్లా బయటి గాలిని లోపలికి లాగి వేడిని బయటికి తోయడం. వచ్చే గాలే 43 డిగ్రీలుంటే లోపల దేన్నీ అంతకంటే తక్కువకు చల్లార్చలేదు. దానికి తోడు బేతంచెర్ల పొడి. ఆ పిల్ల కరెంటు తీసేసి, అడుగు మూత మరలు విప్పింది. ఫ్యానుకూ, రాగి గొట్టం చివర ఉన్న సన్నటి రేకులకూ మధ్య వేలి మందం తెల్లటి మేట. నాపరాతి పొడి, దూది పీచు, రెండు వెంట్రుకలు కలిసి అట్టకట్టి ఉన్నాయి. చిన్న పట్టకారతో లాగితే ఒకే ముక్కగా ఊడి వచ్చింది. మా వాడు దాన్ని అరచేతిలో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికేనా నేను ఫార్మాటు కొట్టిస్తా అనుకునింది!"

బ్రష్షుతో రేకులు దులిపి, మూత బిగించి పెడితే స్పీడు 2.6 దాకా వచ్చింది. కెల్విన్లు 341కి దిగాయి, మీరే తీసేసి చూసుకోండి. పెర్ఫ్‌మాన్, టాస్క్ మేనేజర్ రెండూ ఇంచుమించు ఒకే మాట చెప్పసాగాయి. ఒకటి చెప్పడం మరిచాను. ఈ థర్మల్ జోన్ కౌంటరు అన్ని మిషన్లలో ఉండదు. కొన్నింటిలో ఉన్నా, పొద్దునా సాయంత్రం ఒకే అంకె చూపిస్తూ ఉంటుంది, కదలదు. అట్లాంటిది కనబడితే గోడకు బొమ్మ గీసిన గేజి అనుకొని వదిలేయండి.

మా వాడి మిషన్‌లో రాకపోయినా, ఈ సాధనాలకు వచ్చే ఇంకొన్ని తిప్పలు చెప్తాను, దారిలో ఎప్పుడైనా మీకే ఎదురు కావచ్చు. పాత విండోస్ ఎక్స్‌పి, విండోస్ 7 ఇంకా నడిపే అంగళ్ళు మన దగ్గర లేకపోలేదు. వాటిలో టాస్క్ మేనేజర్ అంచు మీద పొరపాటున రెండుసార్లు నొక్కితే మెనూలు, ట్యాబులు, మూసే గుర్తు కూడా మాయమైపోతాయి. చెడిపోయిందని అందరూ అనుకుంటారు. మళ్ళీ అంచు మీదే రెండుసార్లు నొక్కితే తిరిగొస్తాయి. చిన్నగా పెట్టుకోవడానికి కావాలనే పెట్టిన ఏర్పాటు అది. ఇంకోటి, డిస్క్ 100 శాతం అని చూపిస్తే డిస్కు నిండిపోయిందని ఫొటోలన్నీ తుడిచేయొద్దు. నిండినదాన్ని అది చెప్పడం లేదు. ఆ సెకనంతా డిస్కు తీరిక లేకుండా ఉందని చెప్తోంది, అంతే. అదే టాస్క్ మేనేజర్ అసలు తెరుచుకోకుండా, మీ అడ్మినిస్ట్రేటర్ దీన్ని నిలిపేశాడు అని చెప్పిందంటే మాత్రం ఉలిక్కిపడాల్సిందే. ఆఫీసు మిషన్ అయితే ఎవరో కావాలని నిలిపి ఉంటారు. సొంత మిషన్‌లో ఎవరూ నిలపకుండానే అట్లా వచ్చిందంటే వైరస్సుల పని కావచ్చు. తనను పట్టిస్తాడని లస్కరునే కట్టేసే దొంగలు వాళ్ళు.

గేజి పెట్టినందుకు కూడా కాలవ కొంచెం ఖర్చు భరించాలి. లెక్కపెట్టడం కూడా ఒక పనే గదా. ఎన్.టి. తొలి రోజుల్లో, 386 ప్రాసెసర్ల కాలంలో, డిస్కు లెక్కలు తీస్తే డిస్కు కొంచెం నిదానిస్తుందని వాటిని మామూలుగా ఆపేసే ఉంచేవాళ్ళు. కావాలంటే డిస్క్‌పెర్ఫ్ అనే కమాండుతో తెరుచుకోవాలి. సర్వరు మిషన్లలో డిస్కు గ్రాఫు ఎందుకు కనబడదో అని ఇప్పటికీ కొత్త కుర్రాళ్ళు తల గోక్కుంటారు. అదే కమాండు పక్కన ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పెట్టి వై కొట్టి టాస్క్ మేనేజర్‌ను మూసి తెరిస్తే వస్తుంది. ఈమధ్య 2025 అక్టోబరు చివర్లో విండోస్ 11కు ముందస్తుగా వదిలిన ఒక అప్‌డేట్ ఇంకో వింత చేసింది. టాస్క్ మేనేజర్‌ను ఇంటూ గుర్తు నొక్కి మూస్తే మూసినట్టే కనబడి లోపల బతికే ఉండేది. మళ్ళీ తెరిస్తే ఇంకోటి పుట్టేది. పదిసార్లు తెరిచి మూస్తే పదిమంది లస్కర్లు ఒక్క గేజి దగ్గర కూర్చొని జీతం తిన్నట్టయింది. మిషన్ ఎందుకు నిదానంగా ఉందో చూద్దామని తెరిచే కొద్దీ ఇంకా నిదానం! మరుసటి నెల అప్‌డేట్‌తో దాన్ని సరిచేశారు. ప్లమ్మర్ గారు రాసిన మొదటిదాన్లో ఇంకో ముందుచూపు ఉండేది. టాస్క్ మేనేజర్ బిగుసుకుపోయినప్పుడు మూడు బటన్లు మళ్ళీ నొక్కితే విండోస్ ముందు పాతదాన్ని తట్టి లేపి చూసేది. పది సెకన్ల దాకా ఓపిక పట్టి, అది లేవకపోతేనే కొత్తదాన్ని పుట్టించేది. ఆయనకు ఇంట్లో ఎవరు నేర్పారో గానీ, ఆ మర్యాద నాకు భలే నచ్చింది.

చివరగా ఇంకొక్కటి చెప్పి వదిలేస్తా. పెర్ఫ్‌మాన్ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్, ఆర్ఈఎల్ కొట్టి చూడండి. రిలయబిలిటీ మానిటర్ వస్తుంది. రోజు రోజుకూ మీ మిషన్‌కు ఒకటి నుంచి పది లోపు మార్కులు వేసి గీత గీస్తుంది. ఏ ప్రోగ్రాం ఏ రోజు కూలిందో, ఏ రోజు కరెంటు పోయి మిషన్ సరిగా ఆగకుండా ఆగిపోయిందో ఎర్ర గుర్తులతో ఉంటుంది. మా వాడి మిషన్‌లో మార్చి నుంచి ఎర్ర గుర్తులే. ఆ గీత ముందే చూసి ఉంటే ఎండతో పాటే మొదలైన బాధ అని అప్పుడే తెలిసేది. స్లాష్ పక్కన ఆర్ఈఎల్ బదులు రిపోర్ట్ అని ఇంగ్లీషులో కొడితే ఒక నిమిషం పాటు మిషన్‌నంతా గమనించి, ఏది బాగుందో ఏది బాగలేదో కాగితం రాసిస్తుంది. ఇవన్నీ విండోస్‌తో పాటే వస్తాయి, దమ్మిడీ ఖర్చు లేదు. ఎవరో అమ్మే స్పీడు పెంచే మందులు ఎక్కించుకోకముందు వీటిని ఒకసారి తెరవండి.

ఈ మార్చిలోగా మీ ఇంట్లో ల్యాప్‌టాప్ ఫ్యాను దులిపించండి. దులిపించకముందు కెల్విన్లు ఎన్నో, తర్వాత ఎన్నో రాసిపెట్టుకోండి. పెద్దవాళ్ళ ఎదురుగా, కరెంటు తీసేశాకే మూత విప్పాలి సుమా.